బుంగడి పేరుకి పలికిన గొంతు

ఊరికి ఆవల, కింద మంట పెట్టి పొగాకు ఆరబెట్టే కొట్టం, వాడకం మానేసిన బ్యారన్ ఒకటుంది. అందులో కోటప్ప మేష్టారు అనే ముసలి ఎద్దు పిల్లలకి బడి నడిపేవాడు.

మేష్టారు గట్టివాడు. ఎవరి పలక మీద వాళ్ళ చూపు ఉండాలి. పక్క చూపు చూస్తే గోడకుర్చీ. పక్కవాడితో మాట్లాడితే మధ్యాహ్నం దాకా గోడకుర్చీ. "నా బడిలో ఈగ వాలినా వినబడాలి" అని నలుగురి దగ్గర గొప్పగా చెప్పుకునేవాడు. పిల్లలకి భయం ఉండాలి, నేను కాదనను. కానీ ఆ భయంలో ఒకడి మంచీ చెడ్డా ఒకడికి తెలియకుండా పోయింది. అది మాత్రం మేష్టారి తప్పే.

పొద్దున్నే కళ్ళు మూసుకుని పేర్లు పిలుస్తాడు. "వచ్చానండి" అని వినబడితే చాలు, తర్వాతి పేరుకి పోతాడు.

వెనక వరసలో, గోడ కింద మంట పెట్టే బొక్క దగ్గర, బుంగడు అనే పందిపిల్ల కూర్చునేవాడు. కంపు కొడతాడని ఎవరూ దగ్గరికి రారు. ఒకనాడు ఎవరితోనో గుసగుసలాడిందని సింగారి అనే మేకపిల్లని మేష్టారు వాడి పక్కన కూచోబెట్టాడు.

"ఒళ్ళంతా బురద! ఆనుకోబాక, అవతలికి జరుగు" అని అది రోజూ విసుక్కునేది.

ఇదంతా ఆ బొక్కలోంచి నక్క చూసింది. నక్క కంటికి ఇట్టాంటివే ఆనతాయి.

ఒక సాయంత్రం బుంగడు ఒంటరిగా ఇంటికి పోతుంటే నక్క ఎదురొచ్చింది.

"ఏందల్లుడూ, మొహం అట్టా పెట్టావు?"

"ఏం లేదు మావా. రేపు మళ్ళీ బడి."

"అక్కడ నిన్ను అడిగేవాళ్ళు ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

"అయితే కాలవ కట్ట అవతల చేలోకి పోయి వేరుశనక్కాయలు తవ్వుకో. నీ పేరుకి నేను పలుకుతా. సాయంత్రం నేనొచ్చిందాకా అక్కడే ఉండు."

"మేష్టారు కనుక్కుంటే?"

"ఆయన వినేదే గానీ చూసేది లేదులే."

కాలవ కట్ట అవతల ఎంత అరిచినా ఊళ్ళోకి వినబడదు. ఆ ముక్క నక్క చెప్పలేదు.

మర్నాడు మేష్టారు "బుంగడు!" అని పిలిచాడు. బొక్క అవతల నుంచి ముక్కుతో "వచ్చానండి" అని వినబడింది. మేష్టారు తర్వాతి పేరుకి పోయాడు.

సింగారికి మాత్రం ఒక పక్క చల్లగా తగిలింది. రోజూ ఆనుకునే వెచ్చటి ఒళ్ళు లేదు. తిరిగి చూసింది. చోటు ఖాళీ.

"మేష్టారండీ, బుంగడు రాలేదు."

"పలికాడుగా! నువ్వు పక్క చూపు ఎందుకు చూశావు? పో, గోడకుర్చీ వెయ్యి."

సింగారి లేచి గోడకి వీపు ఆనించి కాళ్ళు వంచింది. "వేశానండి. వాడు మాత్రం రాలేదండి."

"ఉన్నానండి!" అంది ముక్కు గొంతు. "మేకకి నేనంటే పడదండి. అబద్ధాలు చెబుతోందండి!"

మేష్టారు కళ్ళు తెరిచాడు. గొంతు వచ్చినవైపు చూశాడు. అక్కడ పిల్ల లేదు, పలకా లేదు. అయినా గొంతు మారనివ్వలేదు.

"సరేరా బుంగడా, నిన్నే నమ్ముతున్నా. మన కోడిపిల్ల చుక్కమ్మకి కాలు బెణికింది. దాన్ని ఇంటిదాకా మోసుకుపోతావా?"

"నా కాలు బానే..." అనబోయింది చుక్కమ్మ. పక్కనున్న దున్నపిల్ల దాని ముక్కుకి తోక అడ్డం పెట్టాడు.

"మోస్తానండి! ఇటివ్వండి!" అని నక్క బొక్కలోంచి తల లోపలికి పెట్టింది. మేష్టారు దాని మెడ మీద డెక్క వేసి తొక్కాడు.

"పిల్లాడేడిరా?"

"కాలవ కట్ట అవతల... వదలండి మేష్టారూ! నేనేం ఎత్తుకుపోలేదు. మీ బడిలో ఎవరికీ అక్కర్లేక పడుంటే ఒక్క మాటన్నా. వాడే నడిచిపోయాడు."

మేష్టారు డెక్క తియ్యలేదు. గోడవైపు తిరిగి, "సింగారీ, గోడకుర్చీ చాలు. పరిగెత్తు. అందరూ పరిగెత్తండి" అన్నాడు.

కట్ట అవతల బుంగడు మట్టిలో మూతి పెట్టుకుని ఉన్నాడు.

"లే. బడికి రా" అంది సింగారి.

"మావ పలికాడుగా?"

"నిన్ను తినడానికి పలికాడు. నీ మూలాన గోడకుర్చీ వేశా నేను."

"నా మూలానా?" బుంగడు నమ్మలేదు. "నేను లేనని ఎవరు చూశారు?"

సింగారి మొహం తిప్పుకుంది. "నీ బురద అంత తొందరగా మర్చిపోతామా? నడు."

మిగతా పిల్లలు నవ్వారు. బుంగడికీ నవ్వొచ్చింది.

వాళ్ళు తిరిగొచ్చిందాకా మేష్టారు నక్కని వదల్లేదు. వదిలేటప్పుడు కొమ్ము తగిలి దాని చెవి చీలింది. ఇంకాస్త చీలాల్సింది.

ఆ సాయంత్రమే మేష్టారు చెప్పాడు: "రేపట్నుంచి ఎవరి పేరుకి వాళ్ళు పలకొద్దు. పక్కవాళ్ళు పలకాలి. రాకపోతే ఎందుకు రాలేదో చెప్పాలి. తెలియదన్నవాళ్ళకి గోడకుర్చీ."

చెప్పాలంటే ముందు పలకరించుకోవాలి కదా. పొద్దున్నే బడి గోలగోలగా ఉండేది. మేష్టారు విసుక్కునేవాడు గానీ ఆపేవాడు కాదు. ఇప్పుడు బుంగడికి ఒక పక్క సింగారి, ఇంకో పక్క చుక్కమ్మ.

కొన్నాళ్ళకి, చీలిన చెవి మానాక, నక్క మళ్ళీ గోడ వెనక్కి చేరింది. చుక్కమ్మ రాని రోజు చూసుకుని గొంతు సవరించుకుంది.

"చుక్కమ్మ!" అని పిలిచాడు మేష్టారు.

నక్క నోరు తెరిచేలోపు బుంగడు లేచాడు.

"రాలేదండి. రాత్రి నుంచి ఒళ్ళు కాలిపోతోంది. వచ్చేటప్పుడు చూసొచ్చా. వాళ్ళమ్మ రెక్క కింద పడుకునుంది. బడి వదిలాక మేమందరం పోతున్నాం."

తెరిచిన నోరు మూసుకుని నక్క వచ్చిన దారినే పోయింది.

పక్కవాడు రాలేదని పక్కవాడికి తెలిసే చోట నక్కకి పని లేదు.