ముప్పై రెండు బిరుదులూ, ఒక చాటింపూ

వెనకటికి ఏటి ఒడ్డునే కోట కట్టుకుని రణధీరవర్మ అనే రాజు ఏలుతుండేవాడు. మనసు మంచిదే గానీ బిరుదుల పిచ్చి జాస్తి. తన ముప్పై రెండు బిరుదులూ చదివాకే ఏ ఆజ్ఞ అయినా మొదలవ్వాలి.

ఒక ఏడు వానలు ముదిరి ఏటిగట్టు బీటలు వారింది. అది తెగితే పల్లపు వీధులన్నీ మునిగిపోతాయి. జనమంతా పనికి రావాలని ఆస్థాన పండితుడు ఆజ్ఞ రాశాడు, దండోరా వేయించారు. మర్నాడు పదకొండు మంది వచ్చారు, అదీ విస్తరాకులు చంకన పెట్టుకుని. అన్ని బిరుదులు వినేసరికి కోటలో పెళ్ళేమో అనుకున్నారట!

కోటలో రాతపని చేసే కోనప్ప ఇల్లు ఆ పల్లంలోనే ఉంది. ఇంటిల్లిపాదీ కళ్ళ ముందు మెదిలేసరికి ఉండబట్టలేక రాజు ముందు నిలబడ్డాడు.

"ప్రభూ, ఈసారి నన్ను రాయనివ్వండి."

"రాయి. ఒక్క బిరుదు తగ్గిందో, నీకు దేశబహిష్కారమే!"

కోనప్ప రాసి నేరుగా దండోరావాడికి ఇచ్చాడు. వీధి వీధినా చాటింపు మోగింది:

"గట్టు బీటలు వారింది. ఏరు మీ ఇంట్లోకి రాకముందే పార పట్టుకుని రండి. నేను గట్టు మీదే ఉన్నాను. ఇట్లు, మీ రాజు."

ఆ వెంటనే కోనప్ప గుర్రంతో కోట ముంగిట నిలిచాడు. "దయచేయండి ప్రభూ. తమరు గట్టు మీద ఉన్నారని చాటించాను."

"నేనా!"

"జనం బయలుదేరారు. వాళ్ళకంటే ముందు చేరకపోతే రాజుగారి మాట అబద్ధమైపోతుంది."

రాజు పళ్ళు నూరుతూనే గుర్రమెక్కాడు. కాసేపటికి ఊరు ఊరంతా పారలతో దిగింది. రాజు మోకాళ్ళ దాకా బురదలో నిలబడి తట్ట అందుకోవడం చూసి ముసలివాళ్ళు కూడా నడుం బిగించారు. పొద్దు వాలేలోపు గట్టు నిలబడింది.

అప్పుడు రాజు కోనప్ప వైపు తిరిగాడు. "ఏమయ్యా, నా బిరుదులేవీ?"

"బిరుదులు తమరెవరో తెలియనివాళ్ళకు ప్రభూ. 'మీ రాజు' అని రాస్తే, ఏ రాజని ఒక్కరైనా అడిగారా?"

రాజు పకపకా నవ్వాడు. చేతి కంకణం తీసి కోనప్పకు తొడిగాడు. "ఇకమీదట ఆజ్ఞలన్నీ నువ్వే రాయి."

కోనప్ప చేతులు జోడించాడు. "రాస్తాను ప్రభూ. రాసిన చోటికల్లా తమరు రావాలి మరి!"