వేగం ఎవరిది?

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఎవరికీ ఎక్కడికీ తొందర లేదు. అయినా అక్కడ ఒక బండ్ల కంపెనీ ఉండేది.

కంపెనీ యజమాని సుందరమూర్తి అనే కొండముచ్చు. రెండు తాటికాయల మధ్య పుల్ల గుచ్చి, పొడుగాటి కర్ర తగిలిస్తే ముంజకాయ బండి అవుతుంది కదా. మీరూ చేసే ఉంటారు. మీ బండిని మీరు తోసుకుంటూ పరిగెత్తాలి. సుందరమూర్తి బండి అలాంటిది కాదు. పైన కూర్చోవడానికి పీట ఉండేది. కొండ మీద నుంచి వదిలితే చాలు, రివ్వున కిందికి పోయేది. దానికి మెరుపు బండి అని పేరు పెట్టాడు.

ప్రతి చెట్టు మీదా ఒక చిలుకను కూలికి పెట్టాడు. పొద్దస్తమానం అవి ఒకటే మాట అరవాలి: "వేగం మాది, వైభోగం మీది."

మెరుపు బండెక్కి ముందు ఒక కుందేలు చచ్చిపోయింది. తరువాత ఒక దుప్పి పోయింది. "నడపడం చేతకాలేదు పాపం" అనుకుని అడవి మళ్ళీ బండ్లెక్కింది.

ఆ కొండ మీదే ఒక అన్నా చెల్లెలూ ఉండేవారు. నత్తలు. అన్న పేరు శంఖయ్య, చెల్లెలి పేరు ముత్యాలు.

ముత్యాలు బాగా చదువుకుంది. అంటే, అడవి అంచున ఉన్న బడివాళ్ళు పారేసిన కాగితాలు తింటూ పెరిగింది. తినేముందు ప్రతిదీ చదివేది. కరపత్రాలంటే మరీ ఇష్టం. అందుకే నోరు తెరిస్తే నినాదాలు వచ్చేవి. తెల్లవారితే "మంచు వర్ధిల్లాలి" అనేది. ఎండెక్కితే "సూర్యుడి పెత్తనం నశించాలి" అనేది.

"కాస్త నమిలి తినవే. నీకు చదువు అరగడం లేదు" అని అన్న నవ్వేవాడు.

శంఖయ్య కంపెనీలో ఇరుసులకు కందెన రాసేవాడు. కందెన ఎక్కడిదనుకున్నారు? వాడి ఒంటి జిగురే. అడవిలో ఉన్న ప్రతి బండి ఇరుసు మీదా శంఖయ్య ఒకసారి పాకాడు.

వాడికి ఒక్కటే కోరిక. తొలకరి పడగానే కొండ కింద పుట్టగొడుగులు మొలుస్తాయి. శంఖయ్య ఏటా బయల్దేరేవాడు. వాడు చేరేసరికి అవి నల్లబడి, వడలిపోయి, నేలకు అంటుకుపోయి ఉండేవి.

"ఒక్కసారి తాజాది తినాలి ముత్యాలూ. నీకూ ఒకటి తెస్తాను" అనేవాడు.

ఆ ఏడు సుందరమూర్తి కూలి బదులు ఒక మెరుపు బండి ఇచ్చాడు. తొలకరి పడింది. శంఖయ్య బండెక్కాడు. ముత్యాలు కొమ్ములు చాచి చూస్తూ ఉంది. మొదట అన్న నవ్వు వినిపించింది. తరువాత "ఇది ఆగడం లేదే" అన్న మాట వినిపించింది. ఆ తరువాత మలుపులో ఉన్న బండరాయి దగ్గర ఏదో పగిలిన చప్పుడు.

ముత్యాలు అక్కడికి చేరడానికి వారం పట్టింది. పగిలిన గుల్లలో వాననీళ్ళు నిలిచి ఉన్నాయి. ఆ వారమంతా ఆ దారిన ఎన్నో బండ్లు వెళ్ళాయి. ఒక్కటీ ఆగలేదు. వాటికి ఆగడం రాదు.

మర్నాడు సుందరమూర్తి మెడలో పూలదండతో వచ్చాడు.

"చాలా బాధగా ఉంది అమ్మాయ్. నీకో కొత్త బండి ఇస్తాం" అన్నాడు.

"వద్దు" అంది ముత్యాలు.

"మీ అన్న పేరు బండికి పెడతాం. శంఖయ్య స్పెషల్. ఎంత గౌరవం చూడు."

"వద్దు."

"మరేం కావాలి?"

"తప్పు మీదని చెప్పండి."

సుందరమూర్తి తోక సర్దుకున్నాడు. "అదొక్కటీ మా దగ్గర స్టాకు లేదమ్మా" అని వెళ్ళిపోయాడు.

ముత్యాలు పంచాయతీ పెట్టించింది. ఆ అడవిలో తీర్పులు చెప్పేది ఎలుగుబంటి పెద్దమ్మ. ఇప్పచెట్టు కింద కూర్చుని, రాలిన పువ్వులు నములుతూ వింటుంది. నత్త వేగంగా వెళ్ళి చచ్చిపోయిందట అన్న కబురు విని అడవి మొత్తం నవ్వుకుంటూ వచ్చి కూర్చుంది.

"ముందు ఆ రాయిని పిలిపించండి పెద్దమ్మా" అన్నాడు సుందరమూర్తి.

అడవిదున్నలు చెమటలు కక్కుతూ రాయిని దొర్లించుకొచ్చాయి.

"దారికి అడ్డంగా ఎందుకున్నావు?" అని అడిగాడు. రాయి పలకలేదు. "చూశారా? తప్పు చేయకపోతే ఇలా బెల్లం కొట్టిన రాయిలా ఉంటుందా?"

పెద్దమ్మ వంగి రాయిని వాసన చూసింది. "దీనికి బెల్లం వాసన లేదు. వదిలేయండి" అంది.

"అయితే వాలుదే తప్పు. కొండ కిందికి పోకపోతే బండి పోయేదా?"

"కొండలు పుట్టినప్పటి నుంచీ కిందికే పోతున్నాయి నాయనా. బండి చేసేటప్పుడు నువ్వు కొండను చూడలేదా?"

"చూడకేం, చూసే చేశాం" అనేసి సుందరమూర్తి నాలుక కరుచుకున్నాడు. "అసలు సంగతి చెబుతాను. తప్పు నడిపినవాడిది. బండి అడుగున 'మెల్లగా వెళ్ళవలెను' అని రాసే ఉంచాం."

పెద్దమ్మ ఒక బండిని తిరగేసి చూసింది. "ఏదీ, కనపడదే."

"చీమ అక్షరాల్లో రాశాం. అందం చెడకూడదు కదా."

"మరి ఆపే కర్ర ఏది?"

"అదీ అందం చెడుతుందనే పెట్టలేదు. అందరూ కాళ్ళు ఈడ్చి ఆపుకుంటారు."

"నత్తకు కాళ్ళెక్కడివి?"

"ఎక్కేముందు వాడు ఆలోచించుకోవాల్సిన విషయం అది" అన్నాడు సుందరమూర్తి. అడవి మళ్ళీ నవ్వింది.

ముత్యాలు పాక్కుంటూ ఆ రాయి మీదికే ఎక్కింది. అది ఎక్కేదాకా అందరూ ఆవలించారు. తిన్న నినాదాలన్నీ గొంతుదాకా వచ్చాయి. కానీ కింద, రాయి మీద, అన్న గుల్ల తగిలిన చోట తెల్లటి గీత కనిపించింది. నినాదాలు వెనక్కి పోయాయి.

"మా అన్నయ్య పుట్టినప్పటి నుంచీ మెల్లగానే నడిచాడు" అంది. "మీరంతా నవ్వేవాళ్ళు కదా, మీకే తెలుసు. వీళ్ళ బండెక్కిన పూటే వేగంగా వెళ్ళాడు. ఆ వేగం ఎవరిది?"

ఎవరూ నవ్వలేదు. కొమ్మ మీది చిలుక మాత్రం అలవాటు కొద్దీ అరిచింది. "వేగం మాది, వైభోగం మీది."

సుందరమూర్తి దాని మీదికి పుల్ల విసిరాడు. "చిలుకలకేం తెలుసు పెద్దమ్మా. ఇరుసుకు రాసిన జిగురు ఎవరిది? శంఖయ్యది. జిగురు ఉండబట్టే బండి జారింది. కాబట్టి వేగమంతా వాడిదే. మాది ఒక్క పిసరు కూడా లేదు."

పెద్దమ్మ నమలడం ఆపింది. "అన్ని బండ్లకూ వాడి జిగురేనా?"

"అన్నిటికీ వాడి జిగురే, వేగమూ వాడిదే."

"ఒట్టు?"

"నా తోక మీద ఒట్టు."

ముత్యాలు కొమ్ములు రెండూ నిటారుగా లేచాయి.

"దున్నేవాడిదే భూమి అని నేను చిన్నప్పుడు తిన్న కాగితంలో ఉంది" అంది. "జిగురు పూసినవాడిదే వేగమని యజమానే ఒట్టేశాడు. మంచిది. పోయినవాడి సొత్తు చెల్లెలికి వస్తుంది. మా అన్నయ్య వేగం నాకు ఇచ్చేయండి. ప్రతి బండి నుంచీ తీసి ఇవ్వండి."

"సబబుగానే ఉంది" అంది పెద్దమ్మ.

దున్నలు ఇసుక తెచ్చి అన్ని ఇరుసులూ రుద్దేశాయి. బండ్లన్నీ కిర్రుమని ఏడ్చి, కదలమని కూర్చున్నాయి. కొన్నవాళ్ళంతా సుందరమూర్తిని చుట్టుముట్టారు.

"నేను దిగి నడిస్తే బండి కంటే ముందున్నాను. ఇదేం బండండీ?" అంది జింక.

"మేం కొన్నది వేగం. రెండు తాటికాయలు నేనూ ఏరుకోగలను" అంది అడవిపంది.

"నీది కాని సరుకు మాకెలా అమ్మావయ్యా?" అంది కణుజు, కొమ్ములు వంచి.

సుందరమూర్తి చెట్టెక్కాడు. వాళ్ళు చెట్టును ఊపారు. పట్టు జారుతుంటే అతడి నోటి నుంచి నిజం జారింది.

"వేగం మాదే. కాయలు ఏరింది మేము, ఇరుసు చెక్కింది మేము, వాలు చూసుకుని చేసింది మేము. జిగురుదేముంది, తుమ్మబంక రాసినా ఇంతే వేగం వచ్చేలా చేశాం."

"పూర్తిగా మీదేనా?" అని అడిగింది పెద్దమ్మ.

"పూర్తిగా మాదే."

"అయితే శంఖయ్య చావూ మీదే. ముందు పోయిన కుందేలుదీ, దుప్పిదీ కూడా మీదే. నీ తోక మీద నువ్వే ఒట్టు తప్పావు కాబట్టి ఇక నీ మాట నమ్మను. నేను చెప్పినట్టు చెయ్."

పెద్దమ్మ తీర్పు చెప్పింది. ఆపే కర్ర పెట్టేదాకా ఒక్క బండీ కొండ దిగకూడదు. కాళ్ళు లేనివాళ్ళకు బండి ఇవ్వకూడదు. ఏటా తొలకరికి కొండ మీది నత్తలన్నిటినీ సుందరమూర్తి వీపున మోసుకుని, నడిచి, పుట్టగొడుగుల దగ్గరికి తీసుకెళ్ళాలి.

మరుసటి ఏడు వాన పడింది. సుందరమూర్తి ఒళ్ళంతా నత్తలతో, జిగురు కారుతూ కొండ దిగాడు. ముత్యాలు అతడి నెత్తి మీద కూర్చుంది.

"మెల్లగా" అంది.

"మెల్లగానే వెళ్తున్నానమ్మా."

"ఇంకా మెల్లగా."

చెట్ల మీద చిలుకలకు పాత మాట మరిచిపోవడం చేతకాలేదు. సగం మార్చి నేర్పడం మాత్రం ముత్యాలుకు కుదిరింది. "వేగం మాది, తప్పూ మాది" అని అరుస్తున్నాయి. అది విన్నప్పుడల్లా సుందరమూర్తి చెవులు ముడుచుకుంటున్నాడు.

పుట్టగొడుగులు తెల్లగా, తడిగా, అప్పుడే మొలిచి ఉన్నాయి. నత్తలన్నీ వాటి మీద పడ్డాయి. ముత్యాలు ముట్టుకోలేదు. ఒకటి కోయించి, తిరిగి వెళ్ళేటప్పుడు మలుపు దగ్గర దిగింది. అక్కడ ఉన్న పగిలిన గుల్లలో దాన్ని పెట్టింది.

"తాజాదే అన్నయ్యా" అంది.

నీతి: వేగం తనదని చెప్పి అమ్ముకున్నవాడు, ఆ వేగం తీసిన ప్రాణానికీ తానే జవాబు చెప్పాలి.