నల్లక్క పెంచిన రణపాల

గుండ్లకోన అడవిలో దుప్పులు, కుందేళ్లు, ముళ్లపందులు, ఉడుములు ఇరుగుపొరుగుగా ఉండేవి. అక్కడ ఒక ఆచారం ఉంది. ఏ తల్లి ఈనినా వాకిట్లో ఒక రణపాల మొక్క నాటుకోవాలి. పిల్లకు గాయమైతే ఆ దళసరి ఆకు నూరి కట్టు కట్టేవారు.

నల్లక్క అనే అడవిపందికి నలుగురు పిల్లలు పుట్టారు. తనూ మొక్క నాటింది. కాని నల్లక్కకు అందరిలా ఉంటే నచ్చదు. వాగులోని బంకమట్టి తెచ్చి, ఒక రాతి గుంటలో నింపి, అందులో నాటింది. రోజుకు మూడుసార్లు నీళ్లు మోసి పోసింది. ఆకులు బూరెల్లా ఉబ్బాయి. దారిన పోయేవాళ్లను కూడా పిలిచి మరీ చూపించేది. చూసినవాళ్లు ఇళ్లకు వెళ్లి వాళ్లూ అలాగే నీళ్లు పోయసాగారు.

కొండ మీద ఉండే ముసలి ఉడుము రాయప్ప ఒకరోజు అటు వచ్చాడు.

"అమ్మా నల్లక్కా, ఈ గుంటలోంచి నీళ్లు ఎటు పోతాయి? ఈ మొక్క తన నీళ్లు తన ఆకుల్లోనే దాచుకుంటుంది. మట్టి బాగా ఆరితే తప్ప చుక్క పోయకు," అన్నాడు.

"నీళ్లు మోయడానికి నీకు బద్ధకం. పైగా నాకు బుద్ధులా మామా? ఇసుకలో బక్కచిక్కిన నీ మొక్కను ముందు చూసుకో!" అని నల్లక్క పకపకా నవ్వింది. చెవిటివాడి ముందు శంఖం ఊది లాభమేముంది? రాయప్ప వెళ్లిపోయాడు.

పది రోజులకు ఆకులు పసుపుపచ్చగా మారాయి. "అయ్యో, దాహమేస్తోంది కాబోలు," అని నల్లక్క ఇంకా ఎక్కువ పోసింది. ప్రేమ లేదని అనలేం. తెలివే లేదు.

ఒక మధ్యాహ్నం పక్క అడవి నుంచి వచ్చిన చిరుత ఒకటి నల్లక్క పిల్లల మీద పడింది. నల్లక్క ఎదురు తిరిగి దాన్ని తరిమేసింది. కాని కడగొట్టు పిల్ల చిన్నె తొడ చీరుకుపోయింది. నెత్తురు ఆగడం లేదు.

నల్లక్క పరుగున వెళ్లి ఆకు కోయబోయింది. మొక్కంతా ఊడి వచ్చింది. వేళ్లు కుళ్లి కంపు కొడుతున్నాయి. పట్టుకున్న ఆకు నీరైపోయింది.

"అమ్మా, నొప్పిగా ఉందే," అంది చిన్నె.

"ఇప్పుడే వస్తా తల్లీ. కళ్లు మూయకు."

పక్కింటి ముళ్లపంది దగ్గరికి ఉరికింది. "మాదీ కుళ్లిపోయింది నల్లక్కా! నిన్ను చూసేగా మేమూ పోసింది!" అని అది గొల్లుమంది. కుందేలు ఇంట్లోనూ అదే మాట. చివరికి రొప్పుతూ కొండెక్కింది. రాయప్ప తన మొక్క నుంచి పచ్చటి ఆకులు తుంచి ఇచ్చాడు.

నల్లక్క దిగి వచ్చేసరికి చిన్నె కళ్లు తెరిచే ఉన్నాయి. అమ్మ చెప్పిన మాట విన్నది పాపం. ఒంట్లో ప్రాణం మాత్రం లేదు.

వెనకే వచ్చిన రాయప్పను చూసి నల్లక్క బావురుమంది. "ఇప్పుడీ ఆకులు నాకెందుకు మామా?"

"ఇసుకలో పరుచు తల్లీ. ఆకు అంచునే మొలకలొస్తాయి. నీకింకా ముగ్గురున్నారు," అన్నాడు రాయప్ప.

నల్లక్క ఏడుస్తూనే ఇసుక తవ్వింది.

నీతి: గొప్పకు పెంచింది ఆపదలో అక్కరకు రాదు. దేనికి ఎంత కావాలో తెలిసినవారిని అడిగి, అంతే ఇవ్వాలి.