నక్క తెచ్చుకున్న సాక్ష్యం

వాగు ఒడ్డున తుమ్మచెట్ల అడవిలో చదునైన నల్లబండ ఒకటుంది. ఏనుగు పడుకున్నా ఇంకా చోటు మిగిలేంత పెద్దది. దాన్ని ఎరుకబండ అంటారు. అడవిలో తెలుసుకోదగ్గ సంగతి ఏదున్నా దానిమీద గోటితో గీసి పెట్టాలని పూర్వం ఎవరో అనుకున్నారు. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు, ఎవరైనా చెరపొచ్చు. ఇంత చేసినందుకు ఎవరికీ గుప్పెడు గింజలు కూడా ముట్టవు. ముట్టవు కాబట్టే అక్కడి తగువులు అంత పట్టుదలగా సాగుతాయి.

ఏదైనా రాత బండమీద ఉండకూడదు అనిపిస్తే దానిమీద ఒక ఎండుకొమ్మ పెడతారు. అప్పుడు అందరూ చేరి "ఉంచాలి" అనో "తీసెయ్యాలి" అనో కారణంతో సహా చెప్పాలి. తలలు లెక్కపెట్టరు, కారణాలనే తూచుతారు. చివరి మాట ముసలి ఎద్దుది. అది బతుకంతా గానుగ తిప్పి వచ్చింది కాబట్టి చర్చ ఎన్నిసార్లు మొదటికొచ్చినా దానికి విసుగు రాదు. మొన్న ఎండాకాలం వాగు పక్కనున్న ఒక నీటిగుంట గురించి బండమీద ఉండాలా వద్దా అని కూర్చున్నారు. ఉంచాలని తేలేసరికి గుంట ఎండిపోయింది. రాత మాత్రం ఇప్పటికీ ఉంది.

నియమాలన్నీ ముళ్ళపందికి కంఠతా వచ్చు. ఎవరేం రాసినా అది అడిగేది ఒకటే ప్రశ్న: "సాక్షి ఎవరు?"

వానలు పట్టే ముందు ఎక్కడెక్కడి కొంగలో వచ్చి ఆ తుమ్మచెట్ల మీద గూళ్ళు కడతాయి. తాము మేతకు పోయినప్పుడు పిల్లల్ని చూసుకోవడానికి ఇక్కడివాళ్ళలో ఒకరిని కాపలా పెట్టుకుంటాయి. కొత్త చోటు కదా, ఎవరి నోటిమాటా నమ్మవు, బండమీద ఏముంటే అది చదువుకుంటాయి. అలా కుదిరిన కాపలాదారుకే చెట్లకింద గడ్డిలో ఉన్న అడవికోళ్ళ గూళ్ళు కూడా అప్పజెప్పడం ఆనవాయితీ.

ఆ ఏడు కొంగలు ఇంకా రాకముందే బండమీద ఒక కొత్త రాత కనిపించింది.

"నక్క. మహాజంతువు. శాకాహారి. పక్షిపిల్లలకు ఆత్మబంధువు. దీని నిజాయితీని మెచ్చుకోనివారు లేరు."

ఎవరు రాశారో అడగక్కర్లేదు. గోటి గీతల్లో ఇంకా నక్కవాసన పోలేదు.

ఇది ఒక అడవికోడి కంటపడింది. పోయినేడు దాని పిల్లల్ని నక్క తినేసింది. ఈ ఏడు మళ్ళీ చెట్లకింద గుడ్లు పెట్టి పొదుగుతోంది. కొంగలు ఈ రాత చదివి నక్కని కాపలా పెట్టుకున్నాయంటే ఆ గుడ్ల సంగతి ఇక చెప్పుకోనక్కర్లేదు. అందుకని కోడి వచ్చి కాలితో గీకి రాత చెరిపేసింది. నక్క మళ్ళీ రాసింది. కోడి మళ్ళీ చెరిపింది. బండ అరిగేలా ఉందని ఎద్దు లేచి వచ్చింది.

"చెరిపింది చాలు, రాసింది చాలు. కోడీ, కొమ్మ పెట్టమ్మా. మాట్లాడుకుందాం."

కోడి ఎండుకొమ్మ తెచ్చి రాతమీద పెట్టింది. అందరూ చేరారు. నక్క తన బావమరుదులందర్నీ వెంటబెట్టుకొచ్చింది. వాళ్ళు బండ మొహం చూడటం అదే మొదటిసారి.

"ఉంచాలి," అన్నారు బావమరుదులు ముక్తకంఠంతో.

"కారణం?" అంది ఎద్దు.

వాళ్ళు నక్క వైపు చూశారు. నక్క ఆకాశం వైపు చూసింది.

"సరే, మీరలా కూర్చోండి," అంది ఎద్దు. "కోడీ, నీ మాటేంటి?"

"తీసెయ్యాలి తాతా. ఇది పచ్చి అబద్ధం. పోయినేడు నా పిల్లల్ని తిన్నది ఇదే. నా కళ్ళతో చూశాను."

"సాక్షి ఎవరు?" అంది ముళ్ళపంది.

"చూశానంటున్నాగా."

"అది నీ సొంత అనుభవం. బండమీద సొంత అనుభవాలు చెల్లవు. నీకు దీనితో పగ కూడా ఉంది. నీకూ దానికీ సంబంధం లేని వాళ్ళెవరైనా చూసి చెప్పారా?"

"నాతోపాటు చూసింది నా పిల్లలే. వాళ్ళని తినేసింది."

"అయితే సాక్షి లేనట్టే," అంది ముళ్ళపంది. దాని మనసులో దుర్మార్గమేమీ లేదు. నియమం అలా ఉంది.

కోడి కడుపుకోతకి సాక్షి కావాలట. ఈ మాట విన్నప్పుడల్లా నాకూ ఒళ్ళు మండుతుంది. కానీ బండ దగ్గర కూర్చునేవాళ్ళకి అది మామూలే.

నక్క మెత్తగా అందుకుంది. "అక్కా, నీ బాధ నాకు తెలుసు. బాధలో ఏదో అంటావు. నేనేం అనుకోను."

కోడి కళ్ళు మూసుకుంది. గుడ్ల మీద కూర్చుని కూర్చుని దానికి నిదానం అలవాటే. కళ్ళు తెరిచేసరికి గొంతు మారింది.

"తాతా, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. నిజమా అబద్ధమా అన్నది వదిలెయ్యి. నేనడిగేది వేరే. బయటివాళ్ళు పదిమంది చెప్పుకునేవాళ్ళ గురించే బండమీద రాయాలి. అంతేనా?"

"అంతే," అంది ముళ్ళపంది సంతోషంగా. "అదే అసలు నియమం."

"అయితే ఈ నక్క గురించి ఎందుకు రాశాం? పులంటే లోకానికి తెలుసు. తోడేలన్నా తెలుసు. వాగు దాటితే ఇదెవరో, దీని పేరేంటో ఎవరికి తెలుసు పాపం? ఏదో మన మధ్య తిరుగుతోంది, పోనీలెమ్మని ఊరుకుంటున్నాం. మహాజంతువని రాసుకుంటే కొంగలు నవ్విపోతాయి. చెడ్డదని కాదు తాతా, చిన్నదని తీసెయ్యమంటున్నాను."

బావమరుదుల్లో ఒకడు కిసుక్కుమన్నాడు.

నక్క తోక బిగుసుకుంది. దొంగ అన్నా దానికి చీమ కుట్టినట్టయినా ఉండదు. చిన్నది అంటే మాత్రం పడదు.

"నన్నెవరూ ఎరగరా?" అంది. "వాగవతల జీలుగుపాడుకి పోయి అడగండి. ప్రతి గడపలో నా మాటే. పొద్దున్న లేచి దేవుణ్ణి తలుచుకోకముందు నన్ను తలుచుకుంటారు."

"నీ మాట నువ్వే చెప్పుకుంటే చెల్లదు," అంది ముళ్ళపంది.

"అందుకే పోయి అడగమంటున్నా."

ఎద్దు నెమరు ఆపింది. "నక్కా, నిదానంగా ఆలోచించుకో. ఆ ఊరివాళ్ళు చెప్పిందే బండమీద ఉంటుంది. వాళ్ళు చెప్పనిది ఉండదు. నీకు సమ్మతమేనా?"

"ఒక్క ముక్క తగ్గించినా ఊరుకోను," అంది నక్క.

కాకిని పంపారు. ఎవరింటి మీద వాలినా ఎవరూ పట్టించుకోరు కాబట్టి ఊళ్ళో వాకబులకి దాన్నే పంపుతారు. ఎండ తిరిగేసరికి అది వచ్చి కొమ్మ మీద కూర్చుంది.

"మొదట మరిడమ్మ ఇంటి మీద వాలాను. కోళ్ళగంప మీద బండరాయి పెడుతూ, 'ఈ నక్క ముదనష్టపుది, నా పుంజుని ఎత్తుకుపోయింది' అంటోంది."

"చూశారా?" అంది నక్క. "మొదటి ఇంట్లోనే."

"పక్కింటి పోలినాయుడు దొడ్డి కంచెకి కన్నం పూడుస్తున్నాడు. 'ఇందులోంచే దూరి పెట్టల్ని పట్టుకుపోయింది, దీని తెలివి తగలెయ్య' అన్నాడు."

"తెలివి అన్నాడు. రాసుకోండి."

"వీళ్ళిద్దరూ కూడబలుక్కుని చెప్పి ఉండొచ్చు," అంది ముళ్ళపంది అనుమానంగా.

"లేదు. గట్టు తగాదాతో రెండిళ్ళకీ మాటల్లేవు. తర్వాత చివరింటి కుక్కని అడిగాను. తెగిన చెవి చూపించి, కోడిపిల్లల కోసం వచ్చినప్పుడు నక్కే కొరికిందని చెప్పింది. మునసబు గారింట్లో పాపాయి అన్నం తినకపోతే, నక్క వచ్చి కోడిపిల్లల్ని మింగినట్టు నిన్నూ మింగుతుందని వాళ్ళమ్మ అంటోంది."

నక్క ఛాతీ పొంగిపోయింది. "బాతు సంగతి ఎవరూ అనలేదా?"

"ఏ బాతు?" అంది కాకి.

"చెరువుగట్టు ఇంట్లో తెల్లబాతు. అదీ నేనే."

"సొంతమాట చెల్లదు," అంది ముళ్ళపంది. "బాతుని వదిలేస్తున్నాం."

"అన్యాయం," అంది నక్క.

అప్పుడు కోడి నడిచి వచ్చి, రాతమీద తాను పెట్టిన ఎండుకొమ్మని ముక్కుతో తీసి అవతల పారేసింది.

"తాతా, నేను పొరపడ్డాను. ఇది నిజంగా పేరున్నదే. ఉంచాలి."

"ఉంచాలి," అంది ముళ్ళపంది.

"ఉంచాలి," అన్నారు బావమరుదులు, ఈసారి కారణం ఉన్నందుకు ఉషారుగా.

"ఉంచుతున్నాం," అంది ఎద్దు. "సాక్షులున్నంత మేరకు."

నక్క అందరికీ దణ్ణాలు పెట్టింది. అది ఇంకా దణ్ణాలు పెడుతుండగానే ముళ్ళపంది బండెక్కి పని మొదలుపెట్టింది. "మహాజంతువు. సాక్షి లేదు." గీకేసింది. "శాకాహారి. సాక్షి లేదు." గీకేసింది. "ఆత్మబంధువు." కాసేపు కాకి వైపు చూసి, అదీ, నిజాయితీ ముక్కా గీకేసింది. ఖాళీ అయిన చోట కొత్తగా రాసింది.

"నక్క. జీలుగుపాడులో ప్రతి గడపకీ తెలిసిన కోళ్ళదొంగ. కంచె కన్నాల్లోంచి దూరును. ముఖ్యంగా పిల్లల్ని మింగును."

నక్క దణ్ణం సగంలో ఆగిపోయింది. ఒకసారి చదివింది. చివరి మాట మళ్ళీ చదివింది.

మర్నాడు పొద్దున్నే నక్క ఎండుకొమ్మ నోట కరుచుకుని వచ్చి తన రాతమీద తానే పెట్టింది.

"తీసెయ్యాలి," అంది.

"కారణం?" అంది ఎద్దు.

నక్క తల దించుకుంది. "నేనంత చెప్పుకోదగ్గవాణ్ణి కాదు తాతగారూ. చిన్నవాణ్ణి. వాగు దాటితే నన్నెవరెరుగుదురు?"

బావమరుదులూ వచ్చారు. ఈసారి ఏమనాలో నక్క దారి పొడుగునా చెప్పి తీసుకొచ్చినా, సగం మంది అలవాటు చొప్పున "ఉంచాలి" అనేశారు.

"ప్రతి గడపలో నీ మాటేనని నిన్న నువ్వే చెప్పావు," అంది ముళ్ళపంది. "సాక్షులూ వచ్చారు. దానికి బదులుగా ఇవాళ నువ్వు తెచ్చిన సాక్షి ఎవరు?"

నక్క కోడి వైపు చూసింది. "అక్కా, నువ్వే అన్నావు కదా, నేను చిన్నవాణ్ణని."

"అన్నాను తమ్ముడూ. సాక్షి దొరకలేదు," అంది కోడి.

ఎద్దు కొమ్మని కాలితో పక్కకి నెట్టింది. "ఒకసారి తేల్చినదాన్ని వచ్చే ఏటి వానల దాకా కదపం." అని నెమరు వేసుకోసాగింది.

ఆ వారంలోనే కొంగలు దిగాయి. బండంతా చదివాయి. నక్క దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడి, గూళ్ళు ఇంకొంచెం ఎత్తున కట్టుకున్నాయి. కాపలాకి ముళ్ళపందిని కుదుర్చుకున్నాయి. దాని గురించి బండమీద ఉన్నది ఒక్క ముక్కే: "ఎవరినీ తేలిగ్గా నమ్మదు." చెట్లకింద ఎవరు కనిపించినా అది అడ్డం నిలబడి, ఎందుకొచ్చావు, ఎవరు పంపారు, సాక్షి ఎవరు అని మొదలుపెట్టేది. నక్క ఒకసారి వచ్చింది. ఆ ప్రశ్నలకి జవాబులు చెప్పలేక, ఎందుకొచ్చిందో తనే మర్చిపోయి వెళ్ళిపోయింది.

ఆ ఏడు కోడిగుడ్లన్నీ పిల్లలయ్యాయి. ఎండ కాసిన రోజున కోడి వాటిని బండమీదికి తీసుకొచ్చి, నక్క రాత చుట్టూ కూర్చోబెట్టి చదివించేది. చదవడం రాని చిన్నది చివరి వరసని ముక్కుతో పొడిచి ఇదేమిటని అడిగితే, కోడి దాన్ని రెక్కకిందకి లాక్కుని, "అది మీ అన్నలూ అక్కల సంగతి," అనేది.

నీతి: తన పేరు పదిమంది నోటా వినాలనుకునేవాడు, ఆ పదిమందీ తన గురించి ఏం చూశారో ముందు గుర్తు చేసుకోవాలి.