మాయావి ఇంట్లో తోడుకోని పాలు

అనగనగా ఒక రాజు. ఆ రాజు పేరు ధవళకీర్తి, రాణి పేరు హేమవతి. వాళ్ళకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణధీరుడు, రెండోవాడు దయాధీరుడు, మూడోవాడు చిత్రధీరుడు.

హేమవతి రాణి రోజూ సాయంత్రం తన చేత్తోనే పాలు కాచి, చల్లార్చి, తోడుపెట్టేది. రాణులు పాలు తోడుపెడతారా అని అడుగుతారేమో పిల్లలూ, నేనూ అడిగాను. ఈ కథ నాకు చెప్పింది మా మేనత్త సీతారత్నమ్మ. వంటింటి గడప దగ్గర పాలగిన్నె దించుకుని, అది చల్లారేదాకా కథ చెప్పేది. పాలు గోరువెచ్చన అయ్యేసరికి కథ అయిపోవాలి. అది ఆవిడ లెక్క. కాలేజీలో చరిత్ర చదువుకుని సెలవులకి వచ్చినప్పుడు, "అత్తా, రాణులకి దాసీలు ఉంటారు, వాళ్ళు పాలు తోడుపెట్టరు" అన్నాను పెద్ద తెలిసినవాడిలా. "మీ మాస్టారు వెళ్ళి చూసొచ్చాడా?" అంది. మళ్ళీ నోరెత్తలేదు. అంచేత మీరూ ఎత్తకండి.

ఆ రాణి పెట్టిన పెరుగు ఎంత బాగుండేదంటే, గిన్నె బోర్లించినా కింద పడేది కాదు. ఆ పేరు ఏడు సముద్రాలు దాటి కరాళుడు అనే మాయావి చెవిన పడింది.

కరాళుడు పుట్టుకతో మాయావి కాదు. ఒకప్పుడు మనలాంటి మనిషే. మంత్రాలు నేర్చుకునేటప్పుడు ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డం వచ్చేది. ఒకరిని రాయిని చేద్దామంటే జాలి అడ్డం వచ్చేది. ఒకరి ఊరు కాల్చేద్దామంటే సిగ్గు అడ్డం వచ్చేది. విసిగిపోయి, తనలో ఉన్న మంచినంతా బయటికి లాగి ఒక చిలుకలో పెట్టి, ఆ చిలుకని పంజరంలో పెట్టి, దానిమ్మతోటలో దాచేశాడు. ప్రాణం కూడా మంచి వెంటే పోయి ఆ చిలుకలోనే కూచుంది. ఇక వాడికి చావు లేదు, ముసలితనం లేదు. కానీ నాలిక్కి రుచి కూడా లేదు. ఏం తిన్నా మట్టి తిన్నట్టే. ఆ పెరుగైనా రుచిగా ఉంటుందేమోనని గాలిలా వచ్చి రాణిని ఎత్తుకుపోయాడు.

వంటింట్లో కూచోబెట్టి, "ఏయ్ రాణీ, పెరుగు చెయ్యి!" అన్నాడు.

"చేస్తానయ్యా, దానికేం. తోడు కావాలి కదా. పక్కింటికి వెళ్ళి ఒక చెంచాడు మజ్జిగ అడిగి పట్రా."

"పక్కిల్లు లేదు."

"ఏమయ్యారు వాళ్ళు?"

"తినేశాను."

"ఎదురింటివాళ్ళు?"

"వాళ్ళనీ."

"మరింకేం! ఇరుగుపొరుగుని మింగినవాడికి పెరుగు ఎక్కణ్ణించి వస్తుంది నాయనా?" అంది రాణి.

మాయావి దూరదేశం వెళ్ళి తోడు తెచ్చాడు. వాడి చెయ్యి తగలగానే అది కుళ్ళిపోయింది. మళ్ళీ తెచ్చాడు, మళ్ళీ కుళ్ళింది. మూడోసారీ అంతే. ఉక్రోషంతో, "మూడో పున్నమి లోపల పెరుగు తోడుకోకపోతే నిన్ను రాయిని చేస్తా!" అని కేకలేశాడు.

ఇక్కడ కోటలో రాజు మంచం పట్టాడు. పెద్దకొడుకు రణధీరుడు కత్తి పట్టుకుని బయల్దేరాడు. సముద్రం ఒడ్డున ఒక ముసలి తాబేలు వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. "తాబేలు నాకు అడ్డమా!" అని ఒక్క తాపు తన్ని, ఓడ ఎక్కి ఏడు సముద్రాలు దాటాడు. దానిమ్మతోటలో చిలుకని చూశాడు. దాని గొంతు నులమబోయాడు. అక్కడ మాయావికి ఊపిరి ఆడలేదు. పరుగున వచ్చి రణధీరుణ్ణి రాయిని చేశాడు. మొదటి పున్నమి వెళ్ళిపోయింది.

రెండోవాడు దయాధీరుడు బయల్దేరాడు. తాబేలు ఇంకా అక్కడే వెల్లకిలా పడుంది. "అయ్యో, ఎంత కష్టం వచ్చింది తాతా" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. చాలాసేపు ఏడ్చాడు. ఏడ్చి, ఓడ ఎక్కి వెళ్ళిపోయాడు. తాబేలు మాత్రం వెల్లకిలానే ఉంది. ఇలాంటివాళ్ళని నేను చాలామందిని చూశాను పిల్లలూ. ఒకోసారి అద్దంలో కూడా చూశాను.

దయాధీరుడు చిలుకని చూసి, "పాపం, ఎగిరిపో" అని పంజరం తెరిచేశాడు. చిలుక తిన్నగా మాయావి దగ్గరికే ఎగిరింది. దానికి మాత్రం వేరే ఇల్లేది? ఆ వేళ మాయావి పాలు విరిగిపోయాయని కోపంతో ఊగిపోతున్నాడు. మరిగే పాలల్లో తోడు వేస్తే ఏమవుతుంది? విరుగుతుంది. అలాగే అయింది, ఆ కోపంలో చిలుక వాడి గుండెలో ఇమడలేకపోయింది. చిలుకని విసిరికొట్టి మళ్ళీ పంజరంలో పెట్టి, దయాధీరుణ్ణి అన్నపక్కనే రాయిని చేశాడు. రెండో పున్నమి కూడా వెళ్ళిపోయింది.

మూడోవాడు చిత్రధీరుడు కత్తి తీసుకోలేదు. వంటింట్లోకి వెళ్ళాడు. అమ్మ పెట్టిన తోడే ఇంట్లో ఇంకా నడుస్తోంది. అందులో ఒక శుభ్రమైన గుడ్డ ముంచి, నీడలో ఆరబెట్టి, మడిచి మొలలో దోపుకున్నాడు. మా అత్త కాపరానికి వెళ్ళేటప్పుడు వాళ్ళమ్మ అలాగే ఇచ్చిందట. ఎండిన గుడ్డే కదా అనుకుంటాం. గోరువెచ్చని పాలల్లో వేస్తే చాలు, పుట్టింటి పెరుగు మెట్టినింట్లో లేచి కూచుంటుంది.

సముద్రం ఒడ్డున తాబేలు కనిపించింది. చిత్రధీరుడు ఏడవలేదు, తిట్టలేదు. రెండు చేతులా పట్టి తిరగేశాడు.

"హమ్మయ్య! రెండు నెలల తర్వాత ఇసక కనిపించింది" అంది తాబేలు. "ఎక్కడికి బాబూ?"

"ఏడు సముద్రాల అవతలికి, తాబేలు తాతా. మా అమ్మ కోసం."

"ఎక్కు. కాస్త మెల్లిగా వెళతాను, ఏమనుకోకు."

మెల్లిగా ఒక సముద్రం దాటింది. మెల్లిగా ఇంకో సముద్రం దాటింది. అలా ఏడూ దాటేసరికి మూడో పున్నమి రోజు మధ్యాహ్నం అయింది.

దానిమ్మతోటలో చిలుకకి గింజలు వలిచి పెడుతూ ఒక అమ్మాయి కనిపించింది. పేరు మణిమంజరి. ఏదో దేశపు రాజకుమార్తె. చిలుకని మేపడానికీ, వంటింటికి పాలు మోయడానికీ మాయావి ఎత్తుకొచ్చాడు.

"నువ్వు మూడోవాడివా?" అంది. "ఒకడు చంపడానికొచ్చాడు, ఒకడు వదలడానికొచ్చాడు. నువ్వు దేనికి?"

"ఇంకా తెలీదు. ముందు అమ్మని అడగాలి."

"బతికావు" అంది చిలుక. "అడిగేవాణ్ణి ఇన్నాళ్ళకి చూశాను."

చిత్రధీరుడు ఇచ్చిన గుడ్డని మణిమంజరి కొంగున కట్టుకుని పాలకుండతో వంటింట్లోకి వెళ్ళింది. గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకోగానే రాణి అది తన ఇంటి వాసన అని గుర్తుపట్టింది. చిలుక సంగతీ, తోటలో ఉన్న చిన్నకొడుకు సంగతీ మణిమంజరి చెప్పింది. "మా చిన్నాడితో చెప్పమ్మా, చిలుకని తెచ్చి కిటికీ వెనక నిలబడమను. నేను గుడ్డ పాలల్లో వేసినప్పుడు పంజరం తలుపు తియ్యమను. ముందూ వద్దు, వెనకా వద్దు."

సాయంత్రమైంది. మాయావి వచ్చాడు. "తోడుకుందా?"

"ఇప్పుడే కాచాను. కూచో. చిటికెనవేలు ఇలా ఇయ్యి" అని రాణి వాడి వేలు పట్టుకుని పాలల్లో ముంచింది.

"చచ్చాను! కాలింది! నిన్ను రాయిని చేసేస్తా!"

"రాళ్ళతో పెరుగు అవుతుందా? ఊరికే కూచో."

కాసేపయ్యాక మళ్ళీ ముంచింది. "ఇంకా వేడి" అన్నాడు. ఈసారి అరవలేదు.

ఇంకాసేపయ్యాక మూడోసారి ముంచింది. వాడు రాణి చేతిలో ఉన్న తన వేలికేసి చూస్తున్నాడు. చివరికి, "మా అమ్మ కూడా ఇలాగే పట్టుకునేది" అన్నాడు చిన్నపిల్లాడి గొంతుతో.

రాణి గుడ్డని పాలల్లో వేసింది. చిత్రధీరుడు పంజరం తలుపు తీశాడు. చిలుక వచ్చి మాయావి గుండెమీద వాలి, నీళ్ళు ఇసకలో ఇంకినట్టు ఇంకిపోయింది.

ఒక్కసారిగా మాయావి జుట్టు నెరిసింది. వీపు వంగింది. నేలమీద కూలబడి, తను తిన్నవాళ్ళందరినీ పేరుపేరునా పిలుస్తూ ఏడ్చాడు. తోటలో రాళ్ళన్నీ మనుషులయ్యాయి. రణధీరుడు లేచీలేవగానే కత్తి దూసుకొచ్చాడు.

"తప్పుకో అమ్మా! వీడి తల తీసేస్తా!"

రాణి అడ్డం నిలబడింది. "ఆగరా. తోడుపెట్టిన గిన్నె కదిలిస్తే పెరుగు అవుతుందా? తెల్లారేదాకా గిన్నె జోలికీ వెళ్ళకు, వీడి జోలికీ వెళ్ళకు."

రణధీరుడు పళ్ళు నూరుకుంటూ కూచున్నాడు. తెల్లారింది. పెరుగు రాయిలా గట్టిగా తోడుకుంది. ముసలి కరాళుడు ఒక చెంచాడు నోట్లో పెట్టుకుని, "పుల్లగా ఉంది, తియ్యగానూ ఉంది" అని మళ్ళీ ఏడ్చాడు. రణధీరుడు కత్తి ఒరలో పెట్టాడు. ఇష్టంగా పెట్టలేదు. కానీ పెట్టాడు.

రాళ్ళయినవాళ్ళు తిరిగి వచ్చారు గానీ, వాడు తినేసినవాళ్ళు తిరిగి రారు కదా. అంచేత కరాళుడు రాణి వెంట వాళ్ళ రాజ్యానికే వచ్చి, వీధి చివర ఒక గుడిసె వేసుకుని, రోజూ పెరుగు తోడుపెట్టేవాడు. కోపం మాత్రం పూర్తిగా పోలేదు. పిల్లలు అల్లరి చేస్తే కర్ర తీసేవాడు. అయినా తోడు అయిపోయిన ప్రతి ఇంటివాళ్ళూ గిన్నె పట్టుకుని ఆ గుడిసెకే వెళ్ళేవాళ్ళు.

రాణిని చూడగానే మంచం దిగిన రాజు చిత్రధీరుడికీ మణిమంజరికీ పెళ్ళి చేశాడు. తాబేలు తాత మెల్లిగా బయల్దేరి, పెళ్ళికి కాక మొదటి బిడ్డ బారసాలకి అందుకున్నాడు. వాళ్ళు వందేళ్ళు చల్లగా ఏలారు, ఆ వందేళ్ళూ ఏ ఇంట్లోనూ పాలు విరగలేదు.

"అత్తా, ఇంతకీ కరాళుడు మంచివాడా, చెడ్డవాడా?" అని అడిగాను, మొదటిసారి విన్నప్పుడు. నాకప్పుడు ఆరేళ్ళు.

మా అత్త నా చిటికెనవేలు పట్టుకుని గిన్నెలో ముంచింది. "వేడిగా ఉందా? చల్లగా ఉందా?"

ఎంతసేపు ఉంచినా తెలీలేదు. అదే చెప్పాను.

"అయితే సరిపోయింది" అని మా అత్త పాలల్లో తోడు వేసి, మూత పెట్టి, నన్ను లేపింది. "ఇంక కదపకు."