తూకానికి తేలిన కావ్యం

అనగనగా, తాటాకుల మీద గంటంతో రాసుకునే కాలంలో, గిరిపురమని ఒక రాజ్యం. ఆ రాజుగారికి ఒక తర్కపండితుడు ఇలా నచ్చజెప్పాడు: "ప్రభూ, అక్షరాలెక్కువైతే ఆకులెక్కువ. ఆకులెక్కువైతే బరువెక్కువ. కాబట్టి బరువైన గ్రంథమే గొప్ప గ్రంథం!"

రాజుగారికి అందులో తప్పేమీ దొరకలేదు. కొలువులో పెద్ద తక్కెడ వెలిసింది. కొబ్బరికాయకు తూగని కావ్యం రాసినవాడు పొద్దుగుంకేలోగా రాజ్యం దాటాలని చాటింపు వేశారు.

అది విని కొండుభట్టు అనే కవికి గుండె జారిపోయింది. పాపం, ఆయనదో చిత్రమైన జబ్బు. అందరూ రాసుకుంటూ పోతే ఆయన కొట్టేసుకుంటూ పోయేవాడు. గంపెడు కావ్యం కొట్టేయగా కొట్టేయగా ఒక్క ఆకు మిగిలింది. ఇంట్లో భార్య సింగమ్మకు నెలలు నిండాయి.

"నాలుగు వర్ణనలైనా ఉంచకపోయారా? ఈ కడుపుతో కొండదారి ఎలా నడిచేదండీ?" అందామె. ఆయన ఆ ఒక్క ఆకూ పట్టుకుని కొలువుకు బయల్దేరాడు.

కొలువులో మొదటి కవి బండెడు కావ్యం దింపాడు. చదువుతుంటే సభంతా ఆవలించింది, తక్కెడ మాత్రం ధన్‌మని దిగింది. శాలువా! రెండోవాడు గట్టివాడు. ఆకులు తక్కువే గాని అట్టలు ఇత్తడివి. ఆయనకూ శాలువా!

మూడోవాడు కొండుభట్టు. తన ఒక్క ఆకూ తీసి చదివి, తక్కెడలో పెట్టాడు:

"ఉన్నవాడికి నిద్ర చాలదు,
లేనివాడికి దుప్పటి చాలదు,
తెల్లారేది ఇద్దరికీ ఒక్కసారే."

తక్కెడ కదల్లేదు. పండితుడు పకపకా నవ్వాడు.

"పోతాను ప్రభూ. పోయేముందు ఒక్క మనవి. ఇవాళ విన్న మూడు కావ్యాల్లో తమకేం గుర్తుందో సెలవియ్యండి" అన్నాడు కొండుభట్టు.

రాజుగారు గడ్డం గోక్కున్నారు. "మొదటిదాంట్లో... ఏదో ఏనుగొచ్చింది. రెండోదాంట్లో... అట్ట బాగుంది. నీదా? ఉన్నవాడికి నిద్ర చాలదు, లేనివాడికి దుప్పటి చాలదు..."

తడబడకుండా చివరిదాకా అప్పజెప్పారు. ఆయనకు కంటిమీద కునుకు లేక ఎన్నాళ్లయిందో!

"పండితుడా, నీ తర్కంలో తప్పు నాకిప్పటికీ దొరకలేదు. తప్పు తక్కెడలో ఉంది. తీసెయ్యండి దాన్ని!" అన్నారు.

కొండుభట్టుకు పోయిన ప్రాణం లేచివచ్చింది. రాజుగారు తన ఉన్ని దుప్పటి తెప్పించి ఆయన భుజాన కప్పారు.

ఇంటి దగ్గర సింగమ్మ మూట మీద కూర్చుని ఉంది. సంగతి విని ఏడ్చింది, నవ్వింది, మూట విప్పింది. దుప్పటి తడిమి చూసి, "మనకిప్పుడు దుప్పటి ఉందిగా! మరి దుప్పటి చాలదన్న ముక్క కూడా కొట్టేస్తారా ఏం?" అంది.

"ఆ ముక్క మాత్రం ఉండనీ సింగమ్మా" అన్నాడు, పుట్టి బుద్ధెరిగి మొదటిసారిగా.

విన్నారుగా పిల్లలూ! విన్నవాడి దగ్గర మిగిలిందే విద్య, తక్కినదంతా తాటాకే.