కత్తిగారి తీర్పు

ఒకానొక రాజ్యంలో, విభవ నామ సంవత్సరం శ్రావణ మాసాన, గౌరేలు అనే చేపలమ్మికి అన్యాయం జరిగింది. చేసినవాడు దొంగ కాదు, రాజు. అందుకని దాన్ని అన్యాయం అనలేదు, శాసనం అన్నారు.

ఆ రాజు పేరు సమరకంఠీరవుడు. యుద్ధం మొహం ఎన్నడూ చూడలేదు గానీ బిరుదు మాత్రం పుట్టుకతోనే వచ్చింది. సామాన్యులతో మాట్లాడితే నోరు మైలపడుతుందని ఆయన నమ్మకం. ఎవరైనా మొర పెట్టుకుంటే మౌనంగా వింటాడు. మౌనమంటే సమ్మతం. కాదంటే చిటికెన వేలు ఎత్తుతాడు. అంతే.

సముద్రం నడుమనున్న గవ్వలదీవిని ఆయన సైన్యం గెలిచింది. పడవెక్కితే కడుపులో తిప్పుతుందని తాను వెళ్ళక, తన కత్తిని పంపాడు. ఇక దీవిలో కత్తే రాజు. దాన్ని సింహాసనం మీద పట్టుపరుపేసి పడుకోబెట్టాలి. గొడుగు పట్టాలి. ప్రతి సంగతీ విన్నవించాలి. పల్లకీలో ఊరేగుతుంటే జనం నేలమీద బోర్లా పడాలి. పడని తల మెడమీద ఉండదు.

ఆ కత్తి పక్కన కూర్చుని దీవిని ఏలడానికి వచ్చినవాడు బయ్యన. గౌరేలు అతణ్ణి ఇట్టే గుర్తుపట్టింది. ఆమె పిల్లగా ఉన్నప్పుడు దండు దిగిన రోజున, బల్లెం పట్టుకుని అందరికంటే ముందు ఇసుకలోకి దూకినవాడు అతడే. ఆమె అయ్య పడవకు నిప్పు పెట్టిందీ అతడే. మరిచిపోయే మొహమా అది?

ఆ పోరులోనే బయ్యన ఎడమచెయ్యి చచ్చుబడింది. పనికిరాని సిపాయిని పొమ్మన్నారు. అతడు పోలేదు. నేరుగా ధర్మాసనం ముందు నిలబడి తన తగవు తానే వాదించి గెలిచాడు. అప్పట్నించి నోరులేని వాళ్ళందరికీ అతడే నోరయ్యాడు. రాత్రిళ్ళు కూర్చుని ధర్మశాస్త్రాలు చదివాడు. అతడు వాదిస్తుంటే ఎదుటి పండితుడు తన ఉత్తరీయం తానే తొక్కుకుని పడేవాడట. ఆ నాలుక బాధ పడలేకే రాజు అతణ్ణి సముద్రం దాటించాడు.

శ్రావణంలో ఒకనాడు కత్తిగారు ఊరేగుతుంటే గౌరేలు ఎదురుపడింది. నెత్తిన చేపల గంప. ఊరంతా బోర్లా పడింది, ఆమె నిలబడే ఉంది. భటులు ఈడ్చుకొచ్చారు. ఇక తన తల పోయినట్టేనని ఆమె అనుకుంది. నాడు పడవ కాల్చినవాడు నేడు తలను వదులుతాడా?

బయ్యన ఆమె చెప్పిందంతా విన్నాడు. లేచి, కత్తి ముందు నిలబడి, ఆ మాటల్ని ఒక్కటీ వదలకుండా విన్నవించాడు. దీపాలు పెట్టే వేళ దాకా అలాగే నిలబడ్డాడు. తరువాత ఆమెను ఇంటికి పొమ్మన్నాడు.

కబురు రాజుకు చేరకుండా ఉంటుందా? ఇద్దరినీ పడవెక్కించి రాజధానికి రప్పించారు. ఆ రోజు విజయదశమి, సభలో ఆయుధాలన్నిటికీ కుంకుమబొట్లు పెట్టి ఉన్నాయి.

"బయ్యనా, పోవలసిన తలను క్షమించడానికి నువ్వెవరివి?" అన్నాడు రాజు.

"క్షమించింది నేను కాదు దేవరా, తమరే."

"మేమా?"

"తమ కత్తికి అంతా విన్నవించుకున్నాను. వదిలెయ్యమంటారా అని అడిగాను. సమ్మతమైతే మౌనం, కాకపోతే చిటికెన వేలు, తమ ఆచారం నాకు తెలుసు గదా. పొద్దుగూకేదాకా చూశాను. వేలు లేవలేదు."

రాజు మొహం కందగడ్డ అయింది. "కత్తికి వేలెక్కడిదయ్యా? అది వట్టి ఇనుము!"

వల బరువెక్కిందని తెలిసిన జాలరి తాడు లాగే ముందు ఒక్క క్షణం ఆగుతాడు. బయ్యన అలా ఆగడం గౌరేలు చూసింది.

"సభవారంతా విన్నారు," అన్నాడు బయ్యన మెల్లిగా. "వట్టి ఇనుమైతే, దానికి మొక్కకపోవడం నేరం కాదు. ఇనుము కాదు, తమరే అయితే, ఈమెను వదిలిందీ తమరే. రెంటిలో ఏది నిజమో దేవర సెలవివ్వాలి. రెండూ అబద్ధమంటే ఇదిగో, నా తల కూడా ఇక్కడే ఉంది."

రాజు చిటికెన వేలు కొంచెం లేచి, మళ్ళీ దిగింది. ఆయన బయ్యనను వదిలి గౌరేలు వైపు తిరిగాడు. జన్మలో మొదటిసారి ఒక చేపలమ్మితో మాట్లాడాడు.

"అసలెందుకు మొక్కలేదు?"

"గంప దించితే మళ్ళీ నెత్తికెత్తీవోడు కావాల గదా బాబూ. ఊరంతా బోర్లా పడుంటే ఎవుడెత్తుతాడు? తమ కత్తి ఎత్తుతాదా?"

రాజు నోరు తెరిచాడు. తిట్టు వస్తుందనుకున్నారు, నవ్వు వచ్చింది. కిరీటం జారి ఒళ్ళో పడేదాకా నవ్వాడు. బయ్యనను ఆ క్షణమే మహామంత్రిని చేసి, ఇంకేం కావాలో కోరుకోమన్నాడు. అతడు తనకేమీ అక్కర్లేదనీ, ఈమెకు ఒక కొత్త పడవ ఇప్పించమనీ అడిగాడు.

గౌరేలు అతణ్ణి ఎగాదిగా చూసింది. "మా అయ్య పడవ నీకూ గుర్తుందన్నమాట," అంది.

రాజు ముందు వంగని బయ్యన తల అప్పుడు వంగింది.

ఆ తీర్పు గుర్తుగా గవ్వలదీవి రేవులో ఒక రాతి పలక వేశారు. "తలమీద బరువున్న మనిషి ఎవరికీ తల వంచనక్కరలేదు" అని ఉంటుంది దానిమీద. కింద తీర్పు నాటి తేదీ: విభవ నామ సంవత్సరం, ఆశ్వయుజ శుద్ధ దశమి.